గ్రాఫిక్స్ గదిలో ఇద్దరు హీరోలు



ఈ వారం సంగతి హీరోయిన్ల పెళ్ళి కబుర్లూ కావు, కాల్షీట్ల తగాదాలూ కావు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి ఏ టీ కొట్టు దగ్గరైనా కాసేపు నిలబడండి. యానిమేషన్ క్లాసు వదిలాక వచ్చే కుర్రకారు మాట్లాడుకునే మాటలు వినండి. వెనకటికి రామారావు గొప్పా, నాగేశ్వరరావు గొప్పా అని సైకిలు స్టాండుల దగ్గర చొక్కాలు చించుకునేవారే... అచ్చం అలాంటి తగాదా ఒకటి నడుస్తోంది. కాకపోతే ఈ హీరోలకి మేకప్పు లేదు, డైలాగు లేదు, డాన్సు అసలే లేదు. ఇద్దరూ అరచేతిలో ఇమిడే లోహపు బిళ్ళలు. ఒకరు ఇంటెల్ వారి జియాన్. రెండోవారు ఏఎండీ వారి థ్రెడ్‌రిప్పర్. కంప్యూటర్‌కి మెదడులాంటి ప్రాసెసర్లు అన్నమాట!

"థ్రెడ్‌రిప్పర్ ముందు జియాన్ నిలబడదు" అని ఒకరూ, "పెద్ద స్టూడియోల్లో జియానేరా బాబూ" అని ఇంకొకరూ! వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ హీరో అభిమానానికి అయ్యే ఖర్చు ఒక టిక్కెట్టు, నాలుగు కాగితప్పువ్వులు. ఈ అభిమానానికి అయ్యే ఖర్చు లక్షల్లో ఉంటుంది. నల్లగొండ నుంచో, ఖమ్మం నుంచో వచ్చి హాస్టల్లో ఉంటూ గ్రాఫిక్స్ నేర్చుకునే పిల్లో, పిల్లాడో కోర్సు అయిపోగానే "సొంత మిషన్ ఉంటే పనులు వాటంతటవే వస్తాయి" అంటే, ఇంట్లో నాన్నగారు అప్పు చేస్తారు. లేదా అమ్మగారి గొలుసు బ్యాంకు లాకరులోకి వెడుతుంది. అందుకే ఈ ఇద్దరు హీరోల జాతకాలు ఈ వారం కాస్త తీరిగ్గా చూద్దాం.

మన రోడ్డు మీదే సినిమా

కోణార్క్, వెంకటాద్రి పేర్లు తెలియని సినిమా అభిమాని దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండడు. అక్కడినుంచి చైతన్యపురి, కొత్తపేట దాటి ఎల్‌.బి. నగర్ చేరి, విజయవాడ రోడ్డు పట్టుకుని హయత్‌నగర్ మీదుగా వెడితే రామోజీ ఫిల్మ్ సిటీ. మాహిష్మతి కోటగోడలు వేసింది అక్కడే. అంటే కోటకి వెళ్ళే దారిలోనే మన కోచింగ్ సెంటర్ల బోర్డులు ఉన్నాయన్నమాట!

తెలుగు తెర మీద కంప్యూటర్ గ్రాఫిక్స్ అనగానే పెద్దవాళ్ళు 1995లో కోడి రామకృష్ణగారు తీసిన 'అమ్మోరు'ని తలచుకుంటారు. ఆ తరవాత కథ మీకు తెలిసిందే. మగధీర (2009), ఈగ (2012), బాహుబలి రెండు భాగాలు (2015, 2017), ఆర్.ఆర్.ఆర్. (2022)... ఇన్నిటికీ జాతీయ అవార్డుల్లో స్పెషల్ ఎఫెక్ట్స్ పురస్కారం దక్కింది. 2024 సంక్రాంతికి వచ్చిన 'హనుమాన్' కూడా యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో జాతీయ అవార్డు తెచ్చుకుంది. మాయాబజార్ (1957) రోజుల్లో మార్కస్ బార్‌ట్లేగారు కెమెరాతోనే చేసిన మాయలు ఇప్పుడు కుర్చీలో కూర్చుని చేస్తున్నారు. ఆ కుర్చీ ముందున్న యంత్రం గురించే మన తగాదా అంతా.

పది సెకన్లకి పది రోజులు!

తెర మీద ఒక్క సెకనుకి 24 బొమ్మలు కదులుతాయి. పది సెకన్ల షాటు అంటే 240 బొమ్మలు. రాజుగారి కోట, కోట మీద జెండాలు, కింద సైన్యం, వెనక జలపాతం... వీటి మీద వెలుగు ఎక్కడ పడాలి, నీడ ఎక్కడ పడాలి అని యంత్రం ఒక్కో బొమ్మకీ లెక్క కట్టాలి. ఈ లెక్క కట్టి బొమ్మ తీయడాన్నే 'రెండరింగ్' అంటారు. ఒక్కో బొమ్మకి గంట పట్టిందనుకోండి. 240 గంటలు, అంటే నిద్రాహారాలు లేకుండా పది రోజులు! పదకొండో రోజు దర్శకుడుగారు వచ్చి "బాగానే ఉందిగానీ, సూర్యుణ్ణి కాస్త ఎడమకి జరపండి" అన్నారో... మళ్ళీ పది రోజులు!

ఇది మన ఒక్కరి కష్టమే కాదు లెండి. 1995లో హాలీవుడ్‌లో 'టాయ్ స్టోరీ' తీసినప్పుడు రెండరింగ్‌కి 117 సన్ కంప్యూటర్లని రాత్రింబవళ్ళు నడిపారు. ఈ రంగంలో వేగం డబ్బుతో సమానం కావడానికి కారణం ఇదే.

అన్నదమ్ముల పుట్టుపూర్వోత్తరాలు

ఇంటెల్ 1968లో పుట్టింది. ఏఎండీ 1969లో పుట్టింది. రెండు కంపెనీలనీ పెట్టింది ఫెయిర్‌చైల్డ్ అనే ఒకే కంపెనీ నుంచి బయటికి వచ్చినవారే. సినిమా భాషలో చెప్పాలంటే ఒకే బ్యానర్లో పనిచేసి విడిపోయి, చెరో బ్యానర్ పెట్టుకున్నారు. 1982లో ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. ఐబీఎం కంపెనీ తన కంప్యూటర్లకి ఒకే దుకాణం మీద ఆధారపడనని పట్టుబట్టింది. దాంతో ఇంటెల్ డిజైన్ చేసిన చిప్పుని ఏఎండీ కూడా తయారుచేసింది. ఆ తరవాత మామూలే... కోర్టు మెట్లు! 2009లో తగాదాలు తీర్చుకోవడానికి ఇంటెల్ 125 కోట్ల డాలర్లు ఏఎండీకి ఇచ్చింది.

'జియాన్' అనే పేరు 1998లో తెర మీదికి వచ్చింది. సర్వర్లూ, వర్క్‌స్టేషన్లూ అంటే చాలాకాలం ఆ పేరే. 2003లో ఏఎండీ 'ఆప్టెరాన్' తెచ్చి, పాత ప్రోగ్రాములు నడుస్తూనే 64 బిట్ల పని చేసే పద్ధతి చూపించింది. మరుసటి ఏడే ఇంటెల్ కూడా అదే బాట పట్టింది. తరవాత ఏఎండీకి కొన్నేళ్ళు వరసగా ఫ్లాపులు. 2017లో మళ్ళీ తెర లేచింది. జూన్‌లో సర్వర్ల కోసం 'ఎపిక్', ఆగస్టులో ఒంటరి కళాకారుల బల్ల మీదికి 'థ్రెడ్‌రిప్పర్' వచ్చాయి. మన తగాదాకి అసలు పునాది ఆ ఏడాదే పడింది.

బాక్సాఫీసు లెక్కలు

వర్క్‌స్టేషన్ల తరగతిలో 2023లో రెండు కంపెనీలూ తమ అగ్రహీరోలని దింపాయి. వాటి తరవాత కొత్త మోడళ్ళు వచ్చాయిగానీ, పోలిక అర్థం కావడానికి ఈ జంటే బాగుంటుంది.

ఫిబ్రవరిలో వచ్చింది జియాన్ డబ్ల్యూ9-3495ఎక్స్. ఇందులో 56 కోర్లు. కోర్ అంటే చిప్పులో కూర్చుని పనిచేసే ఒక పనివాడు అనుకోండి. అత్యధిక వేగం 4.8 గిగాహెర్ట్జ్. విడుదలనాటి ధర 5,889 డాలర్లు. నవంబరులో వచ్చింది థ్రెడ్‌రిప్పర్ ప్రో 7995డబ్ల్యూఎక్స్. ఇందులో 96 మంది పనివాళ్ళు. వేగం 5.1 గిగాహెర్ట్జ్ దాకా. ధర 9,999 డాలర్లు. అప్పటి మారకం లెక్కన జియాన్ నాలుగు లక్షల ఎనభై వేలు దాటింది, థ్రెడ్‌రిప్పర్ ఎనిమిది లక్షలు దాటింది. పన్నులు వేరే! ఇది ఒక్క చిప్పు ధరే సుమా. మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు ఇంకా లెక్కలోకి రాలేదు.

ఇప్పుడో తమాషా చూడండి. ధరని పనివాళ్ళ సంఖ్యతో భాగించండి. జియాన్‌లో ఒక్కో కోర్‌కి సుమారు 105 డాలర్లు. థ్రెడ్‌రిప్పర్‌లో సుమారు 104 డాలర్లు. టిక్కెట్టు ధర ఒకటే, హాల్లో సీట్లే తేడా! ఇద్దరూ పూర్తి పనిలో ఉన్నప్పుడు లాగే కరెంటుకి పెట్టుకున్న లెక్క కూడా 350 వాట్లే. అంత కరెంటుతోనే 96 మందిని నడిపిస్తున్నాడు కాబట్టి వట్టి రెండరింగ్ పందెంలో థ్రెడ్‌రిప్పర్ స్పష్టంగా ముందున్నాడు. అందులో సందేహం లేదు.

అంతమందిని ఎలా కూర్చోబెట్టారంటారా? ఏఎండీవారు ఒకే పెద్ద చిప్పు చెయ్యలేదు. ఎనిమిది కోర్ల చిన్న ముక్కలు పన్నెండు చేసి, పక్కపక్కన అతికించారు. ఒక రీలు పాడైతే ఆ రీలే మార్చుకుంటాం గానీ సినిమా అంతా పారెయ్యం కదా... అదే సూత్రం. చిన్న ముక్కలో లోపం వస్తే పోయేది ఆ ముక్కే. ఇంటెల్ వారి 56 కోర్ల జియాన్ నాలుగు పెద్ద ముక్కలతో తయారైంది.

మరి జియాన్ చేతులు ముడుచుకు కూర్చున్నాడా? లేదు. ఆయన 4 టెరాబైట్ల దాకా ర్యామ్ పట్టగలడు. థ్రెడ్‌రిప్పర్ ప్రోకి హద్దు 2 టెరాబైట్లు. కృత్రిమ మేధ లెక్కలు వేగంగా చెయ్యడానికి జియాన్‌లో ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది. ఇక ఎనిమిది వరసల రోడ్డు మీద ర్యామ్ నుంచి సరుకు తెచ్చుకోవడంలో ఇద్దరూ సమానమే. కానీ ఎనిమిది వరసలూ వాడుకోవాలంటే ఎనిమిది ర్యామ్ కడ్డీలు పెట్టాలి. డబ్బులు చాలక ఒకే కడ్డీ పెడితే, ఎనిమిది గేట్లున్న థియేటరులో ఒక్క గేటే తీసినట్టు! అదీగాక ఈ రెండింటికీ సర్వర్లలో వాడే తరహా ర్యామ్ కావాలి. ఆ ర్యామ్‌లో ఒక అంకె పొరపాటున తిరగబడితే తనంతట తనే దిద్దుకుంటుంది... నిన్నటి షాటులో హీరో చొక్కా ఏ రంగో గుర్తుపెట్టుకునే అసిస్టెంట్ డైరెక్టరులాగ. మీ పాత కంప్యూటర్‌లోని మామూలు ర్యామ్ పీకి ఇందులో పెడతానంటే కుదరదు.

వందమంది వడ్రంగులు, ఒక్క మేకప్పు

'కోర్లు ఎక్కువుంటే పని అంత వేగం' అనుకునేవారు ఇక్కడ కాస్త ఆగాలి. సెట్టు వెయ్యడానికి పదిమంది వడ్రంగులకి పది రోజులు పడితే, వందమందిని పెట్టి ఒక్కరోజులో వేయించవచ్చు. కానీ హీరోగారి మేకప్పుకి రెండు గంటలు పడుతుంది. మేకప్‌మన్లని వందమందిని పెట్టినా అవే రెండు గంటలు... ఉన్నది ఒక్క ముఖమే కదా!

కంప్యూటర్ పనిలోనూ ఇంతే. కొంత పని పంచుకోవచ్చు. కొంత మాత్రం ఒకదాని తరవాత ఒకటిగా ఒకే కోర్ చెయ్యాలి. 1967లో జీన్ ఆమ్‌డాల్ అనే ఇంజనీరు ఈ సంగతి తేల్చి చెప్పారు. ఆయన సూత్రాన్ని మన ఇద్దరు హీరోల మీద ప్రయోగిద్దాం. కోర్ల వేగం ఇద్దరికీ సమానమే అనుకుందాం.

ఒకే కోర్ మీద 100 గంటలు పట్టే పని ఉంది. అందులో 10 గంటల పని పంచడానికి వీల్లేనిది. మిగతా 90 గంటల పని పంచవచ్చు. 56 కోర్ల జియాన్ దాన్ని 11 గంటల 36 నిమిషాల్లో పూర్తిచేస్తాడు. 96 కోర్ల థ్రెడ్‌రిప్పర్ 10 గంటల 56 నిమిషాల్లో పూర్తిచేస్తాడు. తేడా ఎంత? నలభై నిమిషాలు... నూటికి ఆరు పాళ్ళు! ఇంకో నలభై కోర్లకి పోసిన నాలుగువేల డాలర్లకి దక్కిన ఫలం అదీ.

అదే పంచడానికి వీల్లేని పని ఒక్క గంటే ఉంటే? జియాన్ 2 గంటల 46 నిమిషాలు, థ్రెడ్‌రిప్పర్ 2 గంటల 2 నిమిషాలు. ఇప్పుడు నాలుగో వంతుకు పైగా టైము కలిసొచ్చింది. మనుషులు వాళ్ళే, పని మారిందంతే. హీరో ఎవరో తేల్చేది కథ అన్నమాట!

రెండరింగ్ రెండో రకం పని. ఏ బొమ్మ లెక్క ఆ బొమ్మదే, ఏ చుక్క లెక్క ఆ చుక్కదే కాబట్టి ఎంతమందికైనా పంచవచ్చు. కానీ మీరు రోజంతా బల్ల ముందు కూర్చుని చేసేది రెండరింగ్ కాదే! బొమ్మ చెక్కడం, ఎముకలు తగిలించి కదిలించడం, మౌస్ కదపగానే తెర మీద మార్పు కనబడటం... వీటిలో చాలా భాగం మొదటి రకం పని. ఇక్కడ కావలసింది చాలామంది పనివాళ్ళు కాదు, చురుకైన పనివాళ్ళు కొద్దిమంది. నీళ్ళు దూకే, నిప్పు ఎగిసే సిమ్యులేషన్లు రెండింటికీ మధ్యలో ఉంటాయి. కొంత పంచవచ్చు, కొంత వీలుకాదు. ర్యామ్ మాత్రం విపరీతంగా మింగుతాయి.

చేసే యంత్రం, వండే యంత్రం

కాబట్టి 'జియానా? థ్రెడ్‌రిప్పరా?' అని అడిగేముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. మీకు కావలసింది 'చేసే యంత్రమా?' 'వండే యంత్రమా?' చేసే యంత్రం మీ బల్ల మీద ఉండి, మీ చేతితో పాటు పరిగెత్తాలి. వండే యంత్రం ఎక్కడున్నా ఫరవాలేదు. రాత్రి పొయ్యిమీద పెడితే తెల్లారేసరికి ఉడకాలి, అంతే.

ఈ తేడా కంపెనీలకీ తెలుసు. ఏఎండీవారి సర్వర్ చిప్పు ఎపిక్ 9654లో కూడా 96 కోర్లే. కోర్ల డిజైనూ థ్రెడ్‌రిప్పర్ ప్రో 7995డబ్ల్యూఎక్స్‌ది ఏ తరమో ఆ తరమే. కానీ థ్రెడ్‌రిప్పర్ 5.1 గిగాహెర్ట్జ్ దాకా పరిగెడితే ఎపిక్ 3.7 దగ్గరే ఆగుతుంది. బదులుగా ర్యామ్‌కి ఎనిమిది వరసలు పోయి పన్నెండు వరసలు వచ్చాయి. ఒకే బోర్డు మీద రెండు చిప్పులు పెట్టుకునే వీలూ వచ్చింది. అదే మనిషి, వేషం వేరు! సర్వర్ అంటే అర్ధరాత్రి వందమంది అడిగినా అలసట లేకుండా వడ్డించేవాడు. మీ ఒక్కరి ముందు పరుగుపందెం గెలవమని వాణ్ణి పిలవకూడదు. సర్వర్లలో ఇంటెల్ కూడా వెనకబడి లేదు. 2024లో జియాన్ 6 వరసలో 128 కోర్ల చిప్పులు దింపింది. అదే ఏడాది ఏఎండీ కొత్త ఎపిక్‌లలో 192 కోర్ల దాకా వెళ్ళింది.

ఇవన్నీ మన ఇంట్లో పెట్టుకోనక్కర్లేదు. గంటల లెక్కన అద్దెకి దొరుకుతాయి. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాద్ కేంద్రంగా తన సర్వర్ల సేవ ప్రారంభించింది. జియాన్లూ, ఎపిక్‌లూ అక్కడ రెండూ ఉంటాయి. నెలకి రెండు రాత్రులు మాత్రమే భారీ రెండరింగ్ ఉంటే, దానికోసం ఎనిమిది లక్షల చిప్పు కొనడం... ఏడాదికోసారి ఇంట్లో పెళ్ళి జరుగుతుందని ఫంక్షన్ హాలు కట్టుకున్నట్టు! చేసే యంత్రం కొనుక్కోండి, వండే యంత్రం అద్దెకి తీసుకోండి. రోజూ వంట ఉండే స్టూడియోల లెక్క వేరు. అక్కడ సొంత పొయ్యే లాభం.

మొదటి ఉద్యోగానికి ఏం కావాలి?

గ్రాఫిక్స్ రంగంలోకి కొత్తగా వచ్చినవారిలో చాలామందికి మొదట దొరికేది రోటో, పెయింట్ పనులు. అంటే షాటులో మనిషి చుట్టూ గీత గీసి వేరుచెయ్యడం, తాళ్ళూ స్టాండులూ చెరిపెయ్యడం. రెక్కల గుర్రం మీద హీరో ఎగరాలంటే ముందు ఆ హీరోని గ్రీన్ మ్యాటు మీంచి వేరు చేసేది ఈ పనివారే. ఈ పనికి 96 కోర్లూ అక్కర్లేదు, 56 కోర్లూ అక్కర్లేదు. చక్కటి మానిటరు, సరిపడా ర్యామ్, వేగంగా చదివే ఎస్ఎస్‌డీ, వీటికి తోడు ఓపిక ఉంటే చాలు.

బొమ్మలు చెక్కడం, కదిలించడం, వెలుగులు వెయ్యడం దాకా వెడితే మామూలు డెస్క్‌టాప్ తరగతిలోనే మంచి హీరోలున్నారు. 2024 ఆగస్టులో వచ్చిన రైజెన్ 9 9950ఎక్స్ సంగతే తీసుకోండి. 16 కోర్లు, వేగం 5.7 గిగాహెర్ట్జ్ దాకా, విడుదల ధర 649 డాలర్లు. ఒంటి పరుగులో మన 96 కోర్ల మహానటుడికన్నా ఇదే చురుకు! ఇక బ్లెండర్‌లాంటి సాఫ్ట్‌వేర్లు రెండరింగ్‌ని గ్రాఫిక్స్ కార్డు మీద కూడా చేయగలవు. అప్పుడు డబ్బు ప్రాసెసర్ మీదకన్నా కార్డు మీద పెట్టడమే మేలు. మీ సీను ఆ కార్డు మెమరీలో పడుతుందా లేదా అన్నది మాత్రం ముందే చూసుకోవాలి. 

మరి జియాన్, థ్రెడ్‌రిప్పర్ ఎప్పుడు కొనాలి? మామూలు డెస్క్‌టాప్ ర్యామ్ హద్దు మీకు రోజూ అడ్డం పడుతున్నప్పుడు. మూడు నాలుగు గ్రాఫిక్స్ కార్డులు ఒకే యంత్రంలో బిగించాల్సినప్పుడు. వారాల తరబడి నడిచే సిమ్యులేషన్‌లో ఒక్క అంకె తప్పినా కొంప మునిగేటప్పుడు. అంతకుముందు కొంటే అది యంత్రం కాదు, షోకేసులో బొమ్మ.

సెకండ్ హ్యాండ్ హీరోలు జాగ్రత్త!

కంప్యూటర్ సామాను అనగానే మనవాళ్ళు పరిగెత్తేది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌కే. దిల్‌సుఖ్‌నగర్‌లో రెడ్ లైన్ ఎక్కి, ఎంజీబీఎస్‌లో గ్రీన్ లైన్‌కి మారితే సికింద్రాబాద్ వైపు వెళ్ళిపోవచ్చు. దారిలో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ స్టేషన్ వస్తుంది... పోస్టర్లు చూసి అక్కడే దిగిపోకండి!

పాత సర్వర్లలోంచి తీసిన జియాన్ ఈ5 చిప్పులు చవగ్గా దొరుకుతాయని మీతో ఎవరో ఒకరు అంటారు. అవి 2012 నుంచి 2016 మధ్య వచ్చిన తరాలు. కోర్లు ఎక్కువే, కానీ ఒక్కొక్కరి నడక నెమ్మది. మైక్రోసాఫ్ట్ విండోస్ 11కి ఆమోదించిన ప్రాసెసర్ల జాబితాలో అవి లేవు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వండే యంత్రంగా మూలన పడేసి లినక్స్ మీద నడుపుకుంటే పనికొస్తుంది. చేసే యంత్రంగా కొంటే విసుగొస్తుంది.

ఏఎండీలోనూ ఒక మెలిక ఉంది. కొన్ని బ్రాండెడ్ యంత్రాల్లో వాడిన ఎపిక్, థ్రెడ్‌రిప్పర్ ప్రో చిప్పులకి భద్రత పేరుతో ఆ కంపెనీ బోర్డుతోనే తాళం పడిపోతుంది. వేరే బోర్డు మీద పెడితే మేలుకోవు. ఆ తాళం మళ్ళీ తెరుచుకోదు. అందుకే సెకండ్ హ్యాండ్ చిప్పు కొనేటప్పుడు, మీరు వాడబోయే బోర్డు మీదే వెలిగించి చూపించమనండి. చూపించనంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

కరెంటు సంగతి కూడా ఒక్క మాట. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిసి 600 వాట్లు లాగుతున్నాయనుకోండి. రోజుకి పది గంటలు నడిపితే 6 యూనిట్లు, నెలకి 180 యూనిట్లు. మీ ఇంటి బిల్లు తీసి దాని మీద ఇంకో 180 వేస్తే ఏ స్లాబులో పడతారో చూసుకోండి. ఆ 600 వాట్లూ చివరికి గదిలో వేడిగానే తేలతాయి. ఎల్‌.బి. నగర్‌లో పై అంతస్తు గది, మే నెల మధ్యాహ్నం... ఇక ఏసీ ఖర్చు వేరే చెప్పాలా?

ద్విపాత్రాభినయం

అభిమాన సంఘాలవారికి చివరగా ఒక కబురు. రాజా కొడూరి పేరు విన్నారా? ఇంటిపేరు చూసి మీరు ఊహించింది నిజమే, రాజమౌళిగారి బంధువే. 2013 నుంచి 2017 దాకా ఆయన ఏఎండీలో గ్రాఫిక్స్ వైపు పెద్ద పదవుల్లో ఉన్నారు. ఆ రోజుల్లోనే, 2016లో, బాహుబలి బృందం తలపెట్టిన వర్చువల్ రియాలిటీ చిత్రంతో ఏఎండీ చేయి కలిపింది. 2017 నవంబరులో ఆయన ఇంటెల్‌కి వెళ్ళి, 2023 దాకా అక్కడ పనిచేశారు. రెండు శిబిరాల్లోనూ అగ్రస్థానంలో కూర్చున్న తెలుగువాడు! రెండు కంపెనీలకీ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయి. చిప్పులు చేసేవాళ్ళే అటూ ఇటూ హాయిగా తిరుగుతుంటే, అప్పుచేసి కొనేవాళ్ళం మనం జెండాలు కట్టుకుని కొట్టుకోవడమేమిటి చెప్పండి?

ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. మీరు నిజంగా చేస్తున్న సీను ఒకటి పెన్‌డ్రైవులో వేసుకోండి. క్లాసులో ఉన్న మిషన్ మీద, స్నేహితుడి మిషన్ మీద, వీలైతే దుకాణంలో కొనబోయే మిషన్ మీద నడిపించి గడియారం చూడండి. సీను తెరుచుకోవడానికి ఎంతసేపు, కదిలించడానికి ఎంతసేపు, ఒక బొమ్మ రెండర్‌కి ఎంతసేపు... మూడూ వేరువేరుగా ఒక కాగితం మీద రాయండి. మీ రోజులో ఏ పనికి ఎక్కువసేపు కాచుకుని కూర్చుంటున్నారో ఆ కాగితమే చెబుతుంది. దాన్ని నాన్నగారికి చూపించి, ఆ తరవాత డబ్బు సంగతి ఎత్తండి.

మీ లెక్కలు మాకూ రాసి పంపండి. బాగున్నవి ఈ పేజీలోనే వేసుకుందాం. వచ్చే వారం మరో తెరవెనుక సంగతితో కలుద్దాం. అంతవరకూ సెలవు!